రంగం మీదే రూపం మార్చే దుస్తులు: ఏ పద్ధతి ఎప్పుడు ఎంచుకోవాలి

ప్రేక్షకుల కళ్లెదుటే దుస్తులు మారాలని దర్శకుడు అడిగిన మరుక్షణం చర్చ వెల్క్రో మీదికో, అయస్కాంతాల మీదికో, ఈమధ్య అయితే మోటార్ల మీదికో వెళ్లిపోతుంది. అది తొందరపాటు. సామగ్రి సంగతి ఎత్తే ముందు తేల్చుకోవలసినది ఒకటుంది: ఆ మార్పును తెచ్చేది ఎవరి చేయి?

ఒక రాజు పాత్ర ఒంటి మీద బరువైన పై వస్త్రం ఉందనుకోండి. అది జారిపోయి లోపలి ముతక బట్ట బయటపడాలి. రాజు తానే మెడ దగ్గరి కట్టు విప్పుకుంటే అది త్యాగం. శత్రువు వెనక నుంచి లాగేస్తే పతనం. ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే రాలిపోతే శాపమో మాయో. బట్ట ఒకటే, కొలతలూ ఒకటే, కథలు మాత్రం మూడు. బిగింపులు కూడా మూడు వేర్వేరు చోట్ల పడతాయి: మొదటి దానికి నటుడి వేళ్లకు అందే ముందు భాగంలో, రెండో దానికి లాగేవాడు నిలబడే వైపున, మూడో దానికి ఎవరి కంటా పడని చోట. దర్శకుడి నుంచి ఈ జవాబు రాకముందు కత్తెర పట్టవద్దు.

దీని వెంటే ఇంకో మూడు ప్రశ్నలు వస్తాయి. మార్పు రెప్పపాటులో జరగాలా, చూస్తుండగా నెమ్మదిగా విచ్చుకోవాలా? మళ్లీ మొదటి రూపానికి తిరిగి రావాలా? మధ్యలో చిక్కుకుని ఆగిపోతే, ఆ సగం రూపంతో నటి సన్నివేశాన్ని నెట్టుకురాగలదా? చివరి ప్రశ్నను చాలామంది అడగరు. నేను పద్ధతులను తూచేది ఎక్కువగా దానితోనే. అన్నీ సవ్యంగా ఉన్న రోజున ఏ పద్ధతైనా అందంగానే కనిపిస్తుంది.

దారం లాగితే విడిపోయేవి

ఇన్ని కొత్త సామగ్రులు వచ్చినా ఈ పనిలో బాగా పండిన పద్ధతి దారమే. జపాన్ కబుకీ నాటకంలో హికినుకి అని ఒక పద్ధతి ఉంది. పై కిమోనోను నడుము దగ్గర రెండు భాగాలుగా చేసి, భుజాల వెంట, చేతుల వెంట వదులు కుట్లతో లోపలి కిమోనో మీద నిలబెడతారు. కుట్టు దారాల చివర చిన్న చిన్న గుండ్లు ఉంటాయి. నృత్యం సాగుతూ ఉండగానే కోకెన్ అనే సహాయకుడు నటుడి వెనక చేరి ఆ గుండ్లు పట్టుకుని దారాలు ఒక్కొక్కటిగా లాగేస్తాడు. అన్నీ వచ్చేశాక, తాళం సరిగ్గా పడే చోట పై వస్త్రాన్ని ఒక్క ఊపున తీసేస్తాడు. కింద పూర్తిగా వేరే రంగు. సహాయకుడు ప్రేక్షకులకు కనిపిస్తూనే ఉంటాడు, కానీ లేనట్టే లెక్క. అది ఆ రంగస్థలపు ఒప్పందం.

ఇక్కడ గమనించవలసింది వేగం కాదు. మార్పు ఒక్క క్షణంలో జరిగినట్టు కనిపిస్తుంది గాని, దాని సన్నాహం అంతకు ముందే నృత్యంలో కలిసిపోయి జరిగిపోతుంది. మీ నాటకంలో ఇద్దరు మనుషులు అంత దగ్గరగా, అంతసేపు నిలబడే సందర్భం ఉంటే ఈ పద్ధతి అద్భుతంగా అమరుతుంది. ఆ రెండో మనిషికి కూడా నటుడితో సమానంగా సాధన కావాలి. ఆ సాధనకు సమయం లేదంటే దీని జోలికి పోవద్దు.

రెండో మనిషి లేకుండా చేయాలంటే ఉచ్చుల పద్ధతి ఉంది. విడిపోవలసిన రెండు అంచులకూ రెండు మూడు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చిన్న దారపు ఉచ్చులు కుట్టి, ఒక వైపువి ఒకటి, రెండో వైపువి ఒకటిగా కలిపి, అన్నింటి గుండా నున్నని తాడు ఒకటి దూర్చాలి. గట్టి నైలాన్ గాలపు దారం గాని, ప్లాస్టిక్ పూత ఉన్న సన్నని ఉక్కు తీగ గాని పనికొస్తాయి. తాడు లాగితే అతుకంతా ఒకేసారి విడిపోతుంది. చప్పుడు లేదు, పొడుచుకొచ్చే లోహం లేదు, దూరానికి మామూలు కుట్టులాగే కనిపిస్తుంది.

అయితే కాగితం మీద తోచని చిక్కు ఒకటి ఇందులో ఉంది. అరవై సెంటీమీటర్ల అతుకు నుంచి తాడు పూర్తిగా బయటికి రావాలంటే చేయి అరవై సెంటీమీటర్లూ కదలాలి. అంటే నటి చేతిని బారుగా చాపాలి. ఆ కదలిక పాత్రకు సహజమైతే సరే. కాకపోతే తాడును రెండు ముక్కలు చేసి, అతుకు మధ్య నుంచి రెండు వైపులకూ లాగేలా పెట్టుకోవాలి. ఇంకో సంగతి: తాడు భుజం వంపు మీదుగానో నడుము చుట్టూగానో వెళితే ప్రతి వంపు దగ్గరా రాపిడి పెరుగుతుంది. బొమ్మకు తొడిగి చూసినప్పుడు సాఫీగా వచ్చిన తాడు, మనిషి ఊపిరి పీల్చి ఛాతీ విప్పినప్పుడు బిగుసుకుంటుంది. తాడు దారి వీలైనంత తిన్నగా ఉండాలి.

ఒకే దారంతో వేసే గొలుసు కుట్టు దీనికి దగ్గరి చుట్టం. బస్తా మూతికి వేసే కుట్టు తెలుసు కదా, సరైన కొస పట్టుకుని లాగితే సర్రున మొత్తం ఊడిపోతుంది. కుట్టు ముగిసిన కొస నుంచే అది ఊడుతుంది, మొదలుపెట్టిన కొస నుంచి లాగితే బిగుసుకుంటుంది. కాబట్టి లాగే కొస ఎటు ఉండాలో ముందే తేల్చుకుని కుట్టాలి. ప్రతి ప్రదర్శనకూ మళ్లీ కుట్టవలసిందే. ఒకటి రెండు ప్రదర్శనలకైతే ఇంతకంటే చౌకైన మార్గం లేదు. నెలల తరబడి ఆడే నాటకానికి మాత్రం వద్దు. బట్ట అంచు పదేపదే సూది పోట్లు తిని చీలికలవుతుంది.

దారం పద్ధతుల అసలు లోపం విఫలమయ్యే తీరులో ఉంది. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే ఒక భుజానికి వేలాడుతూ ఉండిపోతుంది. అందుకే తాడు ఉన్న అతుకులోనే కీలకమైన ఒకటి రెండు చోట్ల, చేత్తో గట్టిగా లాగితే తెగిపోయేంత బలహీనమైన దారం వాడాలి.

తిరగబడేవి

కబుకీలోనే ఉన్న మరో పద్ధతి బుక్కయెరి. భుజాల దగ్గరి కుట్లు విడిపోగానే దుస్తుల పైభాగం ముందుకూ వెనక్కూ నడుము మీదుగా వాలిపోయి, కింది భాగాన్ని కప్పేస్తుంది. ఇప్పటిదాకా లోపల దాగిన అస్తరు మీది కొత్త నమూనా బయటికి వస్తుంది, పైన లోపలి దుస్తులు కనిపిస్తాయి. మారువేషంలో ఉన్న పాత్ర తన నిజరూపం చూపే ఘట్టాలకు దీన్ని వాడతారు.

మొదటిసారి ఈ పనికి దిగేవాళ్లకు నా సలహా ఇదే. కారణాలు స్పష్టంగా ఉన్నాయి. ఒంటి మీది నుంచి ఏదీ విడిపోదు కాబట్టి రంగం మీద గుడ్డముక్క పడి ఎవరి కాలికీ అడ్డం రాదు. పని చేసేది గురుత్వాకర్షణ, దానికి బ్యాటరీ అయిపోదు. ఒక భుజం చిక్కుకుంటే నటి చేత్తో నెట్టేస్తుంది. ఆ నెట్టడం కూడా ఆవేశంలో భాగంగానే కనిపిస్తుంది.

పరిమితి కొలతల్లో ఉంది. నడుము నుంచి భుజం దాకా ఎంత పొడవుంటే వాలిన బట్ట నడుము కింద అంతే పొడవు వస్తుంది. పెద్దవాళ్లకు అది సుమారు నలభై, నలభై అయిదు సెంటీమీటర్లు, అంటే మోకాలికి పైనే ఆగిపోతుంది. పాదాల దాకా రావాలంటే మిగిలిన పొడవును ఛాతీ మీదా వీపు మీదా మడతలుగా పేర్చి దాచాలి. పలుచని పట్టు, ఆర్గంజా, షిఫాన్ లాంటివి అలా ఒదుగుతాయి. వెల్వెట్ ఒదగదు, నటి లావుగా కనిపిస్తుంది. వాలే అంచులో సన్నని లోహపు గొలుసు ఒకటి కుడితే బట్ట గాలిలో తేలకుండా నేరుగా దిగుతుంది. ఆ గొలుసు ముఖానికి తగలకుండా వాలే దారిని ముందుగా పరీక్షించుకోవాలి.

బిగింపుల మధ్య పోటీ

వెల్క్రో గురించి ముందు చెబుతాను, ఎందుకంటే అందరూ ముందు దాన్నే పట్టుకుంటారు. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ కనిపెట్టి 1955లో పేటెంటు పొందిన ఈ బిగింపు, పక్కకు లాగితే గట్టిగా నిలుస్తుంది, అంచు నుంచి ఒలిస్తే సులువుగా వస్తుంది. ఈ ఒక్క గుణం మీదే దుస్తుల రూపకల్పన ఆధారపడాలి. నడిచినా గెంతినా పడే బరువు పక్కకు లాగేలా, విప్పే చేయి ఒలిచేలా పట్టీని కుట్టాలి. తిరగేసి కుడితే గెంతులో ఊడుతుంది, విప్పవలసిన చోట మొండికేస్తుంది.

దాని చప్పుడు మాత్రం భరించలేం. నిశ్శబ్దంగా ఉన్న సన్నివేశంలో వెల్క్రో చీలిన శబ్దం చివరి వరుస దాకా వినిపిస్తుంది, మాయ అనుకున్నది కాస్తా పట్టీ అని తేలిపోతుంది. పొడవాటి పట్టీకి బదులు చిన్న చదరాలుగా కత్తిరించి దూరదూరంగా కుడితే చప్పుడూ తగ్గుతుంది, విప్పడానికి కావలసిన బలమూ తగ్గుతుంది. అయినా ఢంకా మోగే చోటో, కేకలున్న చోటో తప్ప దీన్ని వాడమని నేను చెప్పను. గరుకు వైపు కొక్కేలు నెట్ బట్టనూ జుట్టునూ షిఫాన్‌నూ పట్టుకుని పీకుతాయి. అందుకే ఒంటి మీద మిగిలే పొరకు మెత్తని వైపు, ఊడిపోయే పొరకు గరుకు వైపు పెట్టడం మేలు.

టిచ్ బటన్లు పోగులు పట్టుకోవు, దుమ్ముకు బలహీనపడవు. వరుసగా టపటపమని ఊడే ఆ శబ్దం హాస్య ఘట్టాలకు బాగా పనికొస్తుంది కూడా. వేర్వేరు పరిమాణాల బటన్లు వాడి ఊడే క్రమాన్ని మీరే నిర్ణయించవచ్చు: లాగడం మొదలయ్యే చోట చిన్నవి, బరువు పడే చోట పెద్దవి. బటన్ కింద బట్టకు గట్టి పట్టీ వేయకపోతే బటన్‌తో పాటు బట్టా ఊడి వస్తుంది. ప్రదర్శన తర్వాత ఒక్కొక్కటీ మళ్లీ నొక్కి పెట్టుకోవడానికి పట్టే సమయం ఎవరూ ముందుగా లెక్క వేయరు. రోజుకు రెండు ప్రదర్శనలుంటే ఆ లెక్క తప్పనిసరి.

అయస్కాంతాలకు మిగతా వాటికి లేని గుణం ఒకటుంది: అవి తమంతట తామే మూసుకుంటాయి. విడిపోయిన రూపం మళ్లీ కలవాలన్నా, రెక్కలు విచ్చుకుని మళ్లీ ముడుచుకోవాలన్నా అయస్కాంతమే దారి. నియోడిమియం అనే లోహం కలిపి చేసే, చిన్నవైనా బలమైన అయస్కాంతపు బిళ్లలు చాలు. కానీ వాటి బలం వెల్క్రోకు సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. ఎదురుగా లాగితే గట్టిగా పట్టుకుంటాయి, పక్కకు జరిపితే సులువుగా జారిపోతాయి. భుజం మీద బరువైన వస్త్రాన్ని అయస్కాంతాలతో మాత్రమే వేలాడదీస్తే రెండు అడుగుల్లో జారుతుంది. బరువును ఒక బట్ట కొక్కేనికో చిన్న మడతకో అప్పగించి, అయస్కాంతం దాన్ని అక్కడ నిలిపేలా మాత్రమే చూడాలి. మధ్యలో బట్ట మందం పెరిగే కొద్దీ పట్టు వేగంగా తగ్గిపోతుంది. కొని తెచ్చిన బిళ్లలు చేతిలో ఎంత గట్టిగా అంటుకున్నాయో చూసి మురిసిపోకండి, రెండు పొరల బట్ట మధ్య పెట్టి చూడండి.

జాగ్రత్తలూ దీనికే ఎక్కువ. సాధారణ నియోడిమియం రకాలు సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే శాశ్వతంగా బలం కోల్పోవచ్చు. ఇస్త్రీ పెట్టె వేడి అంతకంటే చాలా ఎక్కువ. కుట్టేటప్పుడు ఏ ముఖం ఎటు ఉందో రంగు చుక్కతో గుర్తు పెట్టుకోకపోతే సగం బిళ్లలు ఒకదాన్నొకటి తోసేస్తాయి. నృత్యంలో చేయి ఛాతీకి దగ్గరగా వస్తే చేతి అయస్కాంతం ఛాతీ అయస్కాంతానికి అంటుకుని ఊరుకోవచ్చు. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్న వాళ్లు ఆ బృందంలో ఉంటే అసలు వాడకూడదు. పిల్లలు నటించే నాటకంలో బిళ్లలు ఊడి చేతికి దొరక్కుండా మూసిన సంచుల్లో కుట్టాలి, ఎందుకంటే రెండు మింగితే అవి పేగుల గోడలను మధ్యలో ఇరికించి ప్రాణం మీదికి తెస్తాయి.

జిప్పు పాతదే గాని కొంచెం తెలివిగా వాడవచ్చు. కింది అడ్డు తీసేసిన జిప్పులో లాగుడు బిళ్లను కొస దాకా లాగితే అది ఊడి వచ్చేస్తుంది, రెండు వైపులూ విడిపోతాయి. నెమ్మదైన మార్పులకు, ముఖ్యంగా నటి తన చేత్తో తానే విప్పుకునే ఘట్టాలకు, ఇది చాలా నమ్మకమైనది.

ఏదీ ఊడకుండా మారేవి

1890లలో లోయి ఫుల్లర్ అనే అమెరికన్ నర్తకి ప్యారిస్‌లో పేరు తెచ్చుకుంది. గజాల కొద్దీ పలుచని పట్టు, చేతులకు పొడిగింపుగా బట్టలో అమర్చిన కడ్డీలు, మీద పడే రంగు రంగుల విద్యుద్దీపాలు. వాటితో ఆమె పువ్వయ్యేది, సీతాకోకచిలుకయ్యేది, మంటయ్యేది. 1894లో నర్తకుల దుస్తులకు అమెరికాలో పేటెంటు కూడా తీసుకుంది. ఈ పద్ధతిలో తెగిపోయే దారం లేదు, ఊడే బిగింపు లేదు. బట్ట అంతటా ఒకటే, మారుతున్నది దేహం దాన్ని నడిపే తీరు.

ఎంపిక చేసేవాళ్లు ఇక్కడ ఒక మార్పిడి గమనించాలి. కుట్టు గదిలో తగ్గిన శ్రమ అంతా సాధన గదికి మారుతుంది. కడ్డీలు పట్టుకుని బరువైన పట్టును అల్లాడించడానికి భుజాలూ వీపూ నెలల తరబడి అలవాటు పడాలి. నాట్యం వచ్చిన వ్యక్తి, తగినంత వ్యవధి, మాటలు లేని ఘట్టం, ఈ మూడూ ఉంటే ఇంతకు మించిన ఎంపిక లేదు. ఒకటి లేకపోయినా గుడ్డ గుడ్డలాగే మిగిలిపోతుంది.

దుస్తులు నటనలో పాలుపంచుకోవడం అంటే ఏమిటో ఈ పద్ధతిలో తేటగా కనిపిస్తుంది. 1922లో స్టుట్‌గార్ట్‌లో జర్మన్ కళాకారుడు ఆస్కర్ ష్లెమ్మర్ ప్రదర్శించిన బ్యాలేలో దీనికి అటు కొస కనిపిస్తుంది: గోళాలు, శంకువులు, చక్రాల వంటి గట్టి ఆకారాలు నర్తకుల కదలికను తామే నిర్ణయించాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టండి. మార్పు తర్వాత నటి నడక మారిందా? అంతకు ముందు తీసుకోలేని ఊపిరి ఇప్పుడు తీసుకోగలుగుతోందా, పరుగెత్తగలుగుతోందా, లేక ఇప్పుడే బరువు మీద పడి కుంగిందా? రంగు మాత్రమే మారి దేహం మారకపోతే ఆ ఖర్చు దీపాల మీద పెట్టడం మేలు.

చట్రాలు, మోటార్లు, వెలుగు

పై పొర ఊడి లోపలిది బయటపడడం ఒక రకం. చిన్న రూపం పెద్దది కావడం వేరే రకం. రెండో దానికి గురుత్వాకర్షణ సాయపడదు, ఎక్కడో శక్తి దాచి ఉంచాలి. చుట్టి కట్టిన స్ప్రింగ్ ఉక్కు పట్టీలు, గొడుగు ఊచల్లాంటి చట్రాలు, గాలి నింపే సంచులు, లేదా మనిషి చేయి. వీటిలో స్ప్రింగ్ పట్టీలు వేగంగా, నమ్మకంగా విచ్చుకుంటాయి. కానీ బంధం తెగితే నేపథ్యంలోనే విచ్చుకుని పక్కవాడి ముఖానికి తగలగలవు. అందుకని రంగం మీదికి వెళ్లే ముందు మాత్రమే తీసే అదనపు కట్టు ఒకటి తప్పనిసరి. గాలి సంచుల ఆకారం చూడముచ్చటగా ఉంటుంది, వాటి ఫ్యాన్ మోత మాత్రం పాటను మింగేస్తుంది.

మోటార్ల గురించి అడిగేవాళ్లు సాధారణంగా ఒక ఫ్యాషన్ ప్రదర్శన వీడియో చూసి వస్తారు. ఫ్యాషన్ రూపకర్త హుస్సేన్ చలాయన్ 2007 వసంత-వేసవి దుస్తుల్లో గౌనులు ఎవరూ ముట్టుకోకుండానే ఒక కాలపు రూపం నుంచి మరో కాలపు రూపానికి మారాయి. నిజంగానే అబ్బురం. అయితే ఫ్యాషన్ వేదిక మీద మనిషి నిలబడుతుంది, కొద్ది అడుగులు నడుస్తుంది, అంతే. నాటకంలో అదే దుస్తులతో నేల మీద దొర్లాలి, చెమట పట్టాలి, రేపు మళ్లీ తొడుక్కోవాలి. బ్యాటరీ బరువు ఒంటికి ఏ వైపు పడుతుంది, గేర్ల గరగర మైకులోకి వెళుతుందా, నిస్తంత్రీ సంకేతం మైకు సంకేతంతో తగువు పడుతుందా అని ముందు చూసుకోవాలి. ఆ దుస్తులను ఎలా ఉతకాలో కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి. వేడి తగిలితే పాత ఆకారానికి వచ్చే నిటినాల్ (నికెల్, టైటానియం కలిపిన లోహం) తీగ చప్పుడు చేయదు, అది దాని గొప్ప. కాని చల్లారి వెనక్కి రావడానికి సమయం పడుతుంది, వెనక్కి లాగే స్ప్రింగ్ కూడా కావాలి, చర్మానికి వేడి తగలకుండా పొర వేయాలి. పువ్వు రేకు నెమ్మదిగా లేవడం లాంటి చిన్న పనికి సరిపోతుంది. మోటారు పెట్టినా, అది మొండికేస్తే నటి చేత్తో అదే మార్పు తెచ్చుకునే మార్గం ఆ దుస్తుల్లోనే ఉండాలి. అది కుదరదని తయారీదారు అంటే ఆ ప్రతిపాదనను పక్కన పెట్టేయండి.

వెలుగుతో మారే దుస్తులకు విడిపోవడం, మళ్లీ పేర్చుకోవడం అన్న బాధ లేదు. అతినీలలోహిత కాంతిలో మాత్రమే మెరిసే రంగుతో వేసిన నమూనా మామూలు దీపాల కింద కనబడదు, దీపాలు మారితే వస్త్రం మారినట్టే. మొదటి రోజు నుంచీ దీపాల నిపుణుడు మీ బల్ల దగ్గర కూర్చుంటేనే దీన్ని ఎంచుకోండి.

లోపలి పొర ఎక్కడ దాగుతుంది

ఏ పద్ధతైనా చివరికి ఓడిపోయేది మందం దగ్గరే. మొదటి రూపం రెండోదానికంటే విశాలంగా, మందంగా ఉండాలి. అప్పుడే లోపల ఇంకో పొర ఉందన్న అనుమానం రాదు. ముదురు రంగు నుంచి లేత రంగుకు మారితే దూరానికి బాగా తెలుస్తుంది, కాని పై పొర పలుచనైతే లోపలి తెలుపు ముందే కనిపిస్తుంది, కాబట్టి దానికి వెలుగు దూరని అస్తరు వేయాలి. గుట్టు బయటపెట్టేవి మెడ, ముంజేతులు, చీలమండలు. ఈ మూడు చోట్ల లోపలి పొర అంచు ఎప్పుడూ వెనక్కి మడిచి ఉండాలి. చెమటకు తడిసిన పట్టు లోపలి పొరకు అతుక్కుంటుంది, అందుకని రెండు పొరల మధ్య నున్నని బట్ట ఉండాలి. ఒంటికి కట్టిన మైకు పెట్టె, దాని తీగ ఊడే పొరలో ఉండకూడదు.

మిగతాది దృష్టిని మళ్లించడంలో ఉంది. చైనాలోని సిచువాన్ ఒపెరాలో ముఖాలు మార్చే కళ చూసే ఉంటారు. పలుచని పట్టు ముసుగులు ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయి, దారం లాగితే ఒక్కొక్కటీ మాయమవుతుంది. విసనకర్ర విసురుతూనో, తల తిప్పుతూనో, చేతి అంగీ ముఖానికి అడ్డం తెస్తూనో ఆ లాగుడును కప్పేస్తారు. పెద్ద కదలిక చిన్న కదలికను మింగుతుంది. మీ దుస్తుల్లో తాడు లాగడానికి పెట్టిన ఉంగరం ఎక్కడ ఉందో తేలిన తర్వాత, దాని మీదికి చేయి వెళ్లడానికి పాత్రకు సహజమైన సైగ ఒకటి దర్శకుడితో కలిసి వెతకండి.

చూపించకుండా మార్చడం

అందరూ మరిచిపోయే ఎంపిక ఇది. ఇటలీకి చెందిన నటుడు లియొపోల్డో ఫ్రెగోలీ (1867–1936) ఒక్క ప్రదర్శనలో లెక్కలేనన్ని పాత్రలు ధరించేవాడు, చాలా మార్పులు తెర చాటున క్షణాల్లో జరిగిపోయేవి. ఎంత పేరు వచ్చిందంటే, ఎదురుపడే వేర్వేరు మనుషులంతా మారువేషంలో ఉన్న ఒకే వ్యక్తి అని నమ్మే మానసిక స్థితికి 1927లో వైద్యులు అతని పేరే పెట్టారు. ప్రేక్షకులకు కావలసింది మారిన రూపమే గాని మారే ప్రక్రియ కాకపోతే, తెర చాటున ఇద్దరు సహాయకులు, వీపున పూర్తిగా తెరుచుకునే దుస్తులు చాలు. కుట్టడం సులువు, ఖర్చు తక్కువ, విఫలమైనా ఎవరికీ కనిపించదు.

ఇక నిర్ణయం

పాత్ర తనంతట తానే మారితే, అందులోనూ మాటలున్న సన్నివేశమైతే, బుక్కయెరి తరహా వాలు దుస్తులు, లేదా ముందు భాగంలో జిప్పు. ఇంకొకరు బలవంతంగా లాగేసే హాస్యమైతే టిచ్ బటన్లు, లాగే దిక్కును బట్టి వరుసలో. పాట ఎత్తుగడ మీద క్షణంలో రంగు మారాలంటే దారపు ఉచ్చులు, ఆ లాగే చేయికి సాధన. తిరిగి మూసుకోవాలంటే అయస్కాంతాలు, బరువు మాత్రం బట్ట మోయాలి. పెద్దగా విచ్చుకోవాలంటే స్ప్రింగ్ పట్టీలు. మోటారు ఎంచుకునేది మానవ హస్తం కనిపించకూడదని కథే పట్టుబట్టినప్పుడు, ప్రతి ప్రదర్శనకూ దాన్ని సరిచూసే మనిషి ఉన్నప్పుడు. ప్రదర్శనలు తక్కువ, చేతిలో సమయం అంతకంటే తక్కువ అయితే చర్చ అక్కర్లేదు, తెర చాటున మార్చండి.

ఎంపిక అయిపోయినా కొన్ని నియమాల్లో బేరం ఉండకూడదు. లాగే తాడు ఏదీ మెడ చుట్టూ తిరగకూడదు. ఊడిన పొర ఎక్కడ పడుతుంది, దాన్ని ఎవరు తీస్తారు, తీసేవరకు దాని మీద ఎవరూ అడుగు వేయకుండా ఎలా చూడాలి అన్నది నాట్య రచనలోనే ఉండాలి. నిప్పుతో కూడిన ఘట్టాలుంటే కరిగి చర్మానికి అంటుకునే కృత్రిమ బట్టలు వద్దు. పరీక్ష పూర్తి దుస్తులతో, నిజమైన దీపాల కింద, నటి చెమట పట్టి ఉన్నప్పుడు చేయాలి, ఒకటికి పదిసార్లు వరుసగా రావాలి. తొమ్మిదిసార్లు వచ్చి ఒకసారి చిక్కుకుంటే ఆ చిక్కు ఎక్కడో కనిపెట్టేదాకా కుట్టు గదికే పంపాలి.

సాధనకు అసలు దుస్తులు వాడకండి. అదే బరువు, అదే బిగింపులతో చౌక బట్టతో ఇంకో జత కుట్టించండి. అసలు జతను మళ్లీ ఎలా మడవాలి, ఏ ఉచ్చు తర్వాత ఏది, తాడు ఎటు నుంచి దూర్చాలి అన్నది ఒక్కో దశలో ఫొటో తీసి, వరుస సంఖ్యలు వేసి, ఆ దుస్తుల పెట్టె మూత లోపలే అంటించండి. కుట్టినవారు ఊళ్లో లేని రోజు కూడా ప్రదర్శన ఉంటుంది.